నాన్నతో వెయ్యి కిలోమీటర్ల సైకిల్ యాత్ర: తీసుకెళ్లొచ్చా, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీకు 29 ఏళ్లు, రోజుకు వంద కిలోమీటర్లు తొక్కే అలవాటు ఉంది. నాన్నగారికి 62, ఈమధ్యే రిటైరయ్యారు, రోజూ పొద్దున 15–20 కిలోమీటర్లు తొక్కుతారు. మీతో కలిసి వెయ్యి కిలోమీటర్ల యాత్ర చేయాలని ఆయనే అడిగారు. మీరు పది రోజులు అనుకుంటున్నారు. "ఆయన తట్టుకుంటారా, తీసుకెళ్లొచ్చా?" అన్నది మీ సందేహం.

తీసుకెళ్లండి. ఆయనే నోరు తెరిచి అడిగారంటే అస్సలు వాయిదా వేయకండి. కానీ పది రోజుల్లో మాత్రం కాదు. రోజుకు 50–60 కిలోమీటర్లు, నాలుగు రోజులు తొక్కి ఐదో రోజు విశ్రాంతి, ఈ లెక్కన మొత్తం 22 రోజులు పెట్టుకోండి. అంత సెలవు దొరకదంటే దూరం సగానికి తగ్గించండి, రోజూ తొక్కే దూరాన్ని మాత్రం పెంచకండి. బయల్దేరే ముందు మూడు నెలల ప్రాక్టీసు, ఒకసారి డాక్టరు దగ్గర పూర్తి చెకప్ ఉండాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఈ యాత్ర రెండు వైపుల నుంచీ చేశాను. నాకు 33 ఏళ్లప్పుడు, 66 ఏళ్ల మా నాన్నతో వెళ్లాను. ఇప్పుడు నాకు 58. కొన్నేళ్లుగా మా అబ్బాయితో వెళ్తున్నాను. నేను నేర్చుకున్నది ఒక్కటే: కన్నవాళ్లు అలసట దాచుకుంటారు, పిల్లలు విసుగు దాచుకుంటారు. ఇద్దరూ ప్రేమతోనే దాచుకుంటారు. దెబ్బ తగిలేది అక్కడే. అందుకని ఎవరికీ ఏమీ దాచుకునే అవసరం రాకుండా ప్లాన్ వేసుకోవాలి.

మా నాన్నతో వెళ్లినప్పుడు నేను వేసిన ప్లాన్ 14 రోజులు, రోజుకు 80 కిలోమీటర్లు. నా లెక్కలో అది చాలా తక్కువ. మొదటి నాలుగు రోజులు ఆయన నాకంటే హుషారుగా ఉన్నారు. ఎప్పుడు అడిగినా "ఏం లేదమ్మా, బాగానే ఉంది" అనేవారు. ఆరో రోజు పొద్దున నేను బ్యాగులు కడుతుంటే ఆయన నాకు వీపు తిప్పి, గోడ వైపు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. ఏంటా అని దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకా రెండో గుండీ దగ్గరే ఉన్నారు. ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు ఆయన మాట వినడం లేదు. వాటిని బొటనవేలితో నెట్టి గుండీని రంధ్రంలోకి దూర్చాలని చూస్తున్నారు. మూడు రోజుల నుంచి తిమ్మిరిగా ఉందట. "నీకు చెప్తే యాత్ర ఆపేస్తావని చెప్పలేదు" అన్నారు.

చాలామంది సైక్లిస్టులకు తెలిసిన ఇబ్బందే అది. అరచేతి అడుగుభాగంలో చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం గంటల తరబడి హ్యాండిల్‌కు ఒత్తుకుంటే ఆ రెండు వేళ్లు మొద్దుబారతాయి, తర్వాత పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిందంటే బ్రేకు నొక్కే బలం కూడా తగ్గినట్టే. ఆ సంగతి తెలియకుండా మూడు రోజులు ఆయన్ని పెద్ద పెద్ద దిగుడు దారుల్లో నా వెనక తీసుకొచ్చాను. ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఆ రోజే ఆగిపోయాం. రెండు రోజుల విశ్రాంతి తర్వాత హ్యాండిల్ కాస్త ఎత్తు చేసి, మెత్తటి గ్లౌజులు కొని, పావుగంటకోసారి చేతుల పొజిషన్ మార్చాలని నియమం పెట్టుకున్నాం. వేళ్లు పూర్తిగా మామూలవడానికి నెల పైనే పట్టింది.

కాబట్టి "ఎలా ఉంది నాన్నా?" అని అడిగి, వచ్చిన జవాబును నమ్మకండి. అడగడం మానొద్దు, కానీ నిర్ణయం మీ కంటికి కనిపించేదాన్ని బట్టి తీసుకోండి. నేను చూసేవి ఇవి. మధ్యాహ్నానికి వాటర్ బాటిల్ ఎంత ఖాళీ అయింది? ఎత్తు మొదలయ్యే ముందే గేరు మారుస్తున్నారా, సగం ఎక్కాక మారుస్తున్నారా? బయల్దేరేటప్పుడు మొదటి రెండు మూడు పెడళ్లలో సైకిల్ ఊగుతోందా? సీటు మీద నడుము అటూ ఇటూ కదులుతోందా? అన్నిటికంటే ముఖ్యం, మాటలు తగ్గాయా? మా నాన్న మామూలుగా దారిలో కనిపించిన ప్రతి చెట్టు గురించీ ఏదో ఒకటి చెప్పే మనిషి. ఆ ఆరో రోజుకి ముందు రోజంతా ఒక్క చెట్టు గురించీ మాట్లాడలేదు. నేను అది గమనించి కూడా, ప్రశాంతంగా ఉన్నారులే అనుకున్నాను.

ఇవన్నీ కనిపించాలంటే మీరు వెనక ఉండాలి. ఆయన ముందు, మీరు వెనక. వేగం ఆయనే నిర్ణయిస్తారు. మీరు ముందుంటే మీకు తెలియకుండానే వేగం గంటకు ఒకటి రెండు కిలోమీటర్లు పెరుగుతుంది, ఆయన కిక్కురుమనకుండా అందుకోవాలని చూస్తారు. ఎదురుగాలి ఉన్నప్పుడు మాత్రం మీరు ముందుకు వెళ్లండి. గాలిని చీల్చడానికి పట్టే శక్తి వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో 18 వేగంతో వెళ్తుంటే మీ ఒంటికి తగిలే గాలి 33 వేగంతో వచ్చినట్టే. అలాంటప్పుడు మీ వెనక నీడలో వస్తే ఆయనకు చాలా కష్టం తప్పుతుంది. కాకపోతే ఆయన ముందు చక్రం మీ వెనక చక్రం పక్కకు రాకూడదు. రెండు చక్రాలు రాసుకుంటే పడేది వెనకున్న వాళ్లే. అలవాటు లేని వాళ్లకు కనీసం ఒక సైకిల్ పొడవు ఎడం ఉంచమని చెప్పండి.

ఇక విశ్రాంతి దగ్గర జరిగే అన్యాయం గురించి. ఇది దాదాపు ప్రతి జంటలోనూ చూశాను. ఎత్తు మీద చిన్నవాళ్లు ముందు వెళ్లిపోతారు. పైన చెట్టు కింద కూర్చుని నీళ్లు తాగి, ఫోన్ చూసుకుని, పది నిమిషాలు సేదతీరతారు. పెద్దవాళ్లు రొప్పుతూ వచ్చి చేరగానే "వచ్చేశారా, పదండి" అని లేస్తారు. అంటే విశ్రాంతి అక్కర్లేని మనిషికి పది నిమిషాలు, కావాల్సిన మనిషికి సున్నా. రోజుకు ఆరేడు సార్లు ఇలా జరిగితే సాయంత్రానికి ఒకరు తాజాగా, ఒకరు నీరసంగా ఉంటారు. "నాన్నకి స్టామినా లేదు" అనుకుంటాం. మా నియమం: వెనకొచ్చిన మనిషి సైకిల్ దిగిన క్షణం నుంచే విశ్రాంతి గడియారం మొదలవుతుంది. బయల్దేరదామనే మాట కూడా ఆ మనిషి నోటి నుంచే రావాలి.

బరువు గురించి కొంచెం లెక్క చెప్తాను, ఎందుకంటే ఇక్కడ మీరు నిజంగా చాలా చేయొచ్చు. మీ బరువు 70, నాన్నగారిది 68, సైకిళ్లు ఒక్కొక్కటి 15, మొత్తం సామాను 22 కిలోలు అనుకుందాం. నిలకడగా మీరు 140 వాట్ల శక్తితో, ఆయన 90 వాట్ల శక్తితో తొక్కగలరనుకుందాం. ఆరు కిలోమీటర్ల పొడవున 5 శాతం ఎత్తు, అంటే ప్రతి వంద మీటర్లకు ఐదు మీటర్లు పైకి ఎక్కే దారి ఉందనుకోండి. సామాను చెరి సగం మోస్తే మీరు సుమారు 38 నిమిషాల్లో ఎక్కుతారు, ఆయనకు 57 పడుతుంది. మొత్తం 22 కిలోలూ మీరే మోస్తే మీకు 42, ఆయనకు 51. పందొమ్మిది నిమిషాల తేడా తొమ్మిదికి వచ్చేసింది. సామాను చెరి సగం పంచుకోవడం పైకి న్యాయంగా కనిపిస్తుంది గానీ, దారిలో ఇద్దరినీ విడదీస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆయన మందులు, నీళ్లు, రెయిన్ కోటు, కొంచెం డబ్బు, ఫోను ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండాలి. దారిలో విడిపోతే మీ బ్యాగులో ఉన్న మాత్ర ఆయనకు అందదు. రెండు, అంత బరువుతో దిగుడులో మీ సైకిల్ ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించుకోండి.

గేర్ల విషయంలో మొహమాటపడకండి. ఆ ఎత్తులో ఆయన వేగం గంటకు సుమారు ఏడు కిలోమీటర్లే. ఆ వేగంలో కూడా నిమిషానికి 60 సార్లు పెడల్ తిరగాలంటే, ముందు పెడళ్ల దగ్గరున్న పళ్ల చక్రం కంటే వెనక చక్రం దగ్గరున్న దానికి పళ్లు ఎక్కువ ఉండాలి. ముందు 30, వెనక 34 ఉంటే సరిగ్గా సరిపోతుంది, ముందు 26 ఉంటే ఇంకా హాయి. చాలా మామూలు సైకిళ్లలో అంత తేలిక గేరు ఉండదు. మోకాళ్లు పాడయ్యేది అక్కడే, బరువు గేరులో బలవంతంగా తొక్కి. సీటు ఎత్తు కూడా చూడండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. మోకాలి ముందు భాగంలో నొప్పి అంటే సాధారణంగా సీటు తక్కువైందని, వెనక నొప్పి అంటే ఎక్కువైందని. సరిచేసేటప్పుడు ఒకేసారి అంగుళం మార్చకండి, ఐదు మిల్లీమీటర్ల చొప్పున మార్చి ఒక రోజు తొక్కించి చూడండి.

ఆయనకు వీలైతే మధ్య కడ్డీ కిందికి వంగి ఉండే ఫ్రేమ్ సైకిల్ ఇప్పించండి. అది ఆడవాళ్ల సైకిల్ అని ఆయన అనొచ్చు, ఓపికగా నచ్చజెప్పండి. పెద్దవాళ్లు యాత్రల్లో పడేది నేను చూసినంతలో వేగంగా వెళ్తూ కాదు, ఆగి ఉన్నప్పుడు. వెనక క్యారియర్ మీద బ్యాగు ఉంటుంది, అలసిపోయిన కాలు దాని మీదుగా లేవదు, సైకిల్ పక్కకు ఒరుగుతుంది, తుంటి నేలకు తగులుతుంది. పైగా సైకిల్ తొక్కితే గుండెకు మంచిదే గానీ ఎముకలు గట్టిపడవు, ఎందుకంటే ఒంటి బరువు సీటు మోస్తుంది. ఎన్నేళ్లు తొక్కినవాళ్లయినా ఈ ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

టైర్లు 35–40 మిల్లీమీటర్ల వెడల్పువి వేయించండి. చేతుల మీదా నడుము మీదా పడే అదురు బాగా తగ్గుతుంది.

ఇప్పుడు ఆరోగ్యం. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం వేయదు. అందుకే "దాహమేస్తే తాగండి" అనే సలహా మీకు పనికొస్తుంది గానీ ఆయనకు చాలదు. పావుగంటకు రెండు గుక్కలు అని అలవాటు చేయండి, ఎండలో పొడవైన రోజైతే ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. అలాగని ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగినా రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం.

ఆయన వాడే ప్రతి మందూ డాక్టరుకు చూపించి, "రోజుకు నాలుగైదు గంటలు, వరుసగా మూడు వారాలు తొక్కుతారు" అని స్పష్టంగా చెప్పండి. "వ్యాయామం చేయొచ్చా?" అని అడిగితే ఎవరైనా చేయమనే అంటారు. బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవాళ్లలో శ్రమకు తగ్గట్టు గుండె వేగం పెరగదు, కాబట్టి వాచీలో అంకె చూసి శ్రమ అంచనా వేస్తే మోసపోతాం. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మందులు ఎండలో నీటిని ఇంకా లాగేస్తాయి. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకు తొక్కుతుండగానో ఆ రాత్రికో షుగర్ పడిపోవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే తలకు చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మోతాదు మార్చాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, నేను కాదు.

శ్రమ కొలవడానికి నాకు నచ్చిన పద్ధతి మాటే. తొక్కుతూ ఒక పూర్తి వాక్యం ఊపిరి తిప్పుకోకుండా చెప్పగలిగితే ఆ వేగం సరిపోయినట్టు. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే నాడి చూసుకోమనండి. నిమిషానికి మామూలు కంటే పదో అంతకు మించో ఎక్కువ ఉంటే ఆ రోజు దూరం సగం చేయడం మా ఇంట్లో నియమం. ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, ఎండలో మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా ఇక "కొంచెం చూద్దాం" అనేది లేదు. వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రాక్టీసులో చాలామంది ఒక తప్పు చేస్తారు. ఒక ఆదివారం 80 కిలోమీటర్లు తొక్కించి, "చూశారా, చేసేశారు" అనుకుంటారు. ఒక్క రోజు ఎవరైనా లాగేస్తారు. ముప్ఫై దాటాక, వ్యాయామం లేని మామూలు మనుషుల్లో ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తి పదేళ్లకు దాదాపు పది శాతం తగ్గుతూ వస్తుంది. అది ప్రాక్టీసుతో కొంత వెనక్కి వస్తుంది. కానీ కష్టపడ్డ ఒళ్లు కోలుకోవడానికి మీకు పట్టేదానికంటే ఆయనకు ఎక్కువ టైమ్ పడుతుంది, దానికి దగ్గరి దారి లేదు. కాబట్టి పరీక్ష ఒక పెద్ద రోజు కాదు, వరుసగా మూడు మామూలు రోజులు. వారానికి పది శాతం మించకుండా పెంచుకుంటూ వెళ్లి, రెండో నెల చివర సామానుతో సహా రోజుకు 50 చొప్పున మూడు రోజులు తొక్కండి. నాలుగో రోజు పొద్దున ఆయన ముఖం చూడండి. తనంతట తాను టైర్లలో గాలి చూసుకుంటున్నారంటే, బయల్దేరండి.

ఎలక్ట్రిక్ సైకిల్ గురించి కూడా అడిగారు. మోకాళ్లో గుండో బలహీనంగా ఉంటే సంకోచించకండి, ఎత్తుల్లో ఇద్దరినీ కలిపే ఉంచుతుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి, 160 వాట్ అవర్ల సామర్థ్యం దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు, ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీలు దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే. ఇద్దరూ కలిసి తొక్కే టాండెమ్ కూడా వేగాల తేడాను మాయం చేస్తుంది గానీ, మామూలుగా ఇద్దరి పెడళ్లూ ఒకే లయలో తిరగాలి, వెనక కూర్చున్న మనిషికి బ్రేకూ గేరూ చేతిలో ఉండవు. జీవితమంతా ఇంటిని నడిపించిన మనిషిని మూడు వారాలు అక్కడ కూర్చోబెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఈ చివరి మాట కన్నతల్లి వైపు నుంచి చెప్తున్నాను. మా అబ్బాయితో మొదటిసారి వెళ్లినప్పుడు వాడు నన్ను పువ్వులా చూసుకున్నాడు. దారి వాడిదే, బస వాడిదే, పంక్చరు వాడిదే. "అమ్మా గేరు మార్చు, అమ్మా నీళ్లు తాగు, అమ్మా ఎడమకి జరుగు" అని రోజంతా చెప్తూనే ఉన్నాడు. మూడో రోజు రాత్రి నాకు ఏడుపొచ్చింది. నేను వాడి సామానులో ఒక బ్యాగునైపోయాననిపించింది. మర్నాడు పొద్దున చెప్పాను, "నాన్నా, వెనక బండి వస్తే చెప్పు, నీళ్లు మర్చిపోతే చెప్పు, మలుపు ముందు చెప్పు. మిగతావి నాకు వదిలెయ్." వాడు పాపం చిన్నబోయాడు, కానీ పాటించాడు. ఆ రోజు నుంచి దారి చూసే పని నాది. రెండుసార్లు తప్పు దారి పట్టించాను, ఒకసారి తొమ్మిది కిలోమీటర్లు వెనక్కి వచ్చాం. వాడు ఒక్క మాట అనలేదు. ఆ తొమ్మిది కిలోమీటర్లే ఆ యాత్రలో నాకు బాగా గుర్తున్నాయి.

మీ నాన్నగారికి కూడా ఒక నిజమైన పని ఇవ్వండి. దారి కావచ్చు, డబ్బు లెక్క కావచ్చు, రాత్రి ఎక్కడ ఆగాలన్నది కావచ్చు. ఇచ్చాక అందులో వేలు పెట్టకండి. అలాగే ఒక మాట ముందే అనుకోండి: ఇద్దరిలో ఎవరైనా "ఇవాళ్టికి చాలు" అంటే అక్కడితో ఆగిపోవాలి, కారణం అడగకూడదు. మొదటి రెండు రోజుల్లోనే ఆ మాట మీరు వాడండి, మీకు అలసట లేకపోయినా సరే. కొడుకు నోటి నుంచి ముందు వస్తే తండ్రికి అనడం తేలికవుతుంది. రోజులో ఒక గంట ఎవరికి వారు ఒంటరిగా ఉండేలా కూడా చూసుకోండి. మీకు కాళ్లు దురద పెడుతుంటే సాయంత్రం ఖాళీ సైకిల్ మీద మీ వేగంతో ఇరవై కిలోమీటర్లు తిరిగిరండి. ఆ విసుగు పగటిపూట ఆయన మీదికి రాదు.

దారిలో రెండు మూడు రోజులకోసారి రైలో బస్సో దొరికే ఊరు తగిలేలా రూటు గీసుకోండి. మూడు రోజుల ట్రయల్ అయ్యాక ఆయన సైకిల్ ముందు వెనక పళ్లు లెక్కపెట్టి, రోజుకు ఎన్ని నీళ్లు తాగారో, నాలుగో రోజు ఎలా లేచారో ఇక్కడ రాయండి. గేర్లూ రోజువారీ దూరాలూ కలిసి చూద్దాం.